నూనె లేని చిప్సు

పెండ్లయిన వారానికే హుసేన్‌బీ చేతికి చిప్సు పీట వచ్చింది. బల్మూరు పక్క పల్లెలో కూలి చేసుకునే ఇంటి నుంచి అయిజకు కోడలై వచ్చేనాటికి ఆమెకు పందొమ్మిదేండ్లు. భర్త ఇస్మాయిల్‌కు బస్టాండు ఎదురుగా చిప్సు బండి ఉండేది. ఆలుగడ్డ, అరటికాయ, కాకరకాయ, చామగడ్డ, ఏ కాలంలో ఏది చవకైతే అది. తెల్లవారుతూనే ఆమె ఇంటి ముందు కూచుని తరిగి, కడిగి, పాతచీర మీద ఆరబోసి పెడితే, పొద్దెక్కినాక ఆయన బండి మీది పెద్ద కడాయిలో వేయించేవాడు. మొదటి నెలలోనే పీటకున్న బ్లేడు ఆమె బొటనవేలి కొస చెక్కేసింది. ఇస్మాయిల్ పసుపు అద్ది, గుడ్డ కట్టి, "ఇగ నీకు పని వచ్చినట్టే," అన్నాడు. పెండ్లయ్యాక ఆయన ఆమెతో ఆడిన మొదటి పరాచికం అదే.

ఆయన మాట తక్కువ మనిషి. పనిలో మాత్రం రాజీపడే రకం కాదు. వాయి దింపగానే ఒక చిప్సు తీసి చెవి దగ్గర పెట్టుకుని విరిచేవాడు. "పలకాలె," అనేవాడు. పలకలేదా, ఆ వాయి మొత్తం మేకలకే. గద్వాల బస్సు ఎక్కేవాళ్లు, రాయచూరు బస్సు దిగేవాళ్లు, పత్తి విత్తనాల చేన్లకు కూలికి పోయేవాళ్లు, అందరి చేతుల్లో ఆయన కట్టిన కాగితపు పొట్లాలే ఉండేవి. ఇరవై ఏడేండ్లు ఆ బండి నడిచింది. ఒక్కగానొక్క బిడ్డ కౌసర్‌ను ఆ బండి మీదనే ఇంటర్ దాకా చదివించారు. కౌసర్ ఇప్పుడు గద్వాలలో ఒక చీరల దుకాణంలో పనిచేస్తూ, అక్కడే దూరపు చుట్టాలింట్లో ఉండి, నెలకు రెండుసార్లు ఇంటికొచ్చి పోతుంది.

పోయినేడాది ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, హుసేన్‌బీ రెండో గంప ముక్కలు బండి దగ్గరికి మోసుకొచ్చేసరికి ఇస్మాయిల్ జాలిగంటె పట్టుకుని ఊరికే నిలబడి ఉన్నాడు. కడాయిలో చిప్సు నల్లబడుతున్నాయి. ఆయన చూస్తున్నాడు కానీ తీయడం లేదు. చొక్కా మొత్తం తడిసి ఒంటికి అంటుకుంది.

"కౌసర్ అబ్బా, మాడుతున్నయి!" అని అరిచింది ఆమె.

"పొయ్యి బంద్ చెయ్యి," అన్నాడు ఆయన. అని అక్కడే బండి చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు.

గద్వాల దవాఖానలో చూసి, ఆలస్యం చేయకుండా కర్నూలుకు పంపించారు. పన్నెండు రోజులు ఉన్నారు. గుండెకు రక్తం పోయే నాళంలో ఏదో వేశారు. ఇంటికి పంపే రోజు డాక్టరు ఇద్దరినీ కూచోబెట్టి నెమ్మదిగానే చెప్పాడు. గుండె సగం కంటే తక్కువ పనిచేస్తోందన్నాడు. పొయ్యి ముందు నిలబడే పని ఇక వద్దన్నాడు. నూనెలో వేయించినవి పూర్తిగా మానేయాలన్నాడు. ఉప్పు బాగా తగ్గించాలన్నాడు.

హుసేన్‌బీ తలూపింది. అన్నీ విన్నది. కానీ ఆమె ముప్పై ఏండ్లకు దగ్గరగా బతికింది నూనెతో. ఆమె చీరలకు, జుట్టుకు, ఇంటి గోడలకు పట్టిన వాసన నూనెది. డాక్టరు నోట నూనె అనే మాట రాగానే, తాము అమ్ముకున్నదే తమ మీదికి తిరిగొచ్చిందని గుండెలో గుచ్చుకుంది. మిగతా మాటలు దాని వెనక ఎక్కడో నిలబడిపోయాయి.

బండిని ఇంటి వెనక గోడకు ఆనించి గోనెపట్టా కప్పారు. ఆమె ఫంక్షన్ హాలు వంటల్లో కూరగాయలు తరగడానికి పోసాగింది. ఇస్మాయిల్ మంచం మీద ఉండిపోయాడు.

ఆ నాలుగైదు నెలలు ఇంట్లో ఉన్నది మనిషి కాదు, మనిషి మీద పోగైన కోపం. ఉడకబెట్టిన సొరకాయ ముందు పెడితే గిన్నె పక్కకు తోసేవాడు. "గిది దవాఖానల తిన్న, జైల్ల తిన్నట్టు తిన్న. ఇంట్ల గూడ గిదేనా?" అనేవాడు. ఒకరోజు ఆమె పని నుంచి వచ్చి ఆయన చొక్కా ఉతకబోతే జేబులో నూనె కాగితం తగిలింది. బస్టాండు దాకా నడిచిపోయి ఎవరి బండి మీదనో మిర్చిబజ్జి తిన్నాడు. ఆ కాగితం ఆయన ముందు పరిచి ఆమె ఏడ్చింది. ఆయన తల గోడవైపు తిప్పుకున్నాడు.

"రుచి లేనోడు బతికి ఏం చేయాలె, చెప్పు," అన్నాడు గోడతోనే.

ఈ సంగతి ఫోనులో విన్న కౌసర్ మరుసటి వారం గద్వాల నుంచి ఒక పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చింది. అందులో నల్లటి మిషిని. ముందు ఒక సొరుగు, సొరుగులో జల్లెడ లాంటి గిన్నె, పైన రెండు తిప్పుడు బిళ్లలు. ఎయిర్ ఫ్రయర్ అంటారంది. లోపల తీగ వేడెక్కుతుంది, దాని మీద రెక్క తిరిగి వేడిగాలి కొడుతుంది, ఆ గాలికే వేగుతాయి, నూనె ఒక్క చెంచా చాలంది.

ఇస్మాయిల్ మంచం మీద నుంచే చూశాడు. "గాలిల గోలిస్తరా? ఇగ నీళ్లల్ల కాలుస్తరేమో."

"అబ్బా, జర ఆగరాదూ. చేసి చూపిస్త," అంది కౌసర్.

ఆ రోజు చేసింది తల్లీబిడ్డలిద్దరూ తినలేకపోయారు. బండి అలవాటు కొద్దీ హుసేన్‌బీ గిన్నె నిండా ముక్కలు పోసింది. పైవి మాడాయి, కిందివి పచ్చిగా తోలులా సాగాయి. కౌసర్ గద్వాల పోయాక ఆమె ఒక్కతే మళ్లీ మొదలుపెట్టింది. రెండోసారి ముక్కలు మరీ పలచగా తరిగింది. మిషిని లోపల గాలికి అవి చిందరవందరగా ఎగిరి పైన ఉన్న తీగకు అంటుకుని కాలాయి. ఇల్లంతా పొగ. మూడోసారి కరెంటు మధ్యలో పోయింది. నాలుగోసారి బీట్‌రూట్ బొగ్గులయింది. కడాయిలో ఒక్క వాయికి గంప ముక్కలు వేసిన చేతికి, ఈ సొరుగులో గుప్పెడంటే గుప్పెడే పట్టడం పిల్లల బొమ్మలాటలా అనిపించేది. అయినా వదల్లేదు. పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, మళ్లీ పీట ముందు కూచునేది.

ఒకరోజు సాయంత్రం నమాజు ముందర ఆమె ఆలుగడ్డ ముక్కలు నేరుగా సొరుగులో వేయబోతుంటే మంచం కిర్రుమంది.

"ఏమే, మతి ఉన్నదా? గంజి పోకుండనే ఏస్తున్నవు?"

ఇస్మాయిల్ లేచి గోడ పట్టుకుని వస్తున్నాడు. వచ్చి పీట పక్కన చతికిలబడ్డాడు. ముక్కలు చల్లటి నీళ్లలో వేయమన్నాడు. నీళ్లు తెల్లబడితే ఒంపించాడు, మళ్లీ పోయించాడు. గుడ్డ మీద పరిపించి, పైన ఇంకో గుడ్డ వేసి అద్దమన్నాడు. "తడి ఉంటే ఉడుకుతయి, ఏగయి. గాలి అయినా నూనె అయినా గంతే." ఒక్క చెంచా నూనె చేతికి రాసుకుని ముక్కలన్నిటినీ నిమిరినట్టు కలిపాడు. సొరుగులో ఒకదాని మీద ఒకటి పడకుండా పేర్పించాడు. ఎగరకుండా పైన చిన్న ఇనుప జాలి పెట్టమన్నాడు. వేడి బిళ్ల ఆమె రెండొందల మీద పెట్టబోతే నూట అరవైకి తగ్గించాడు. సగంలో సొరుగు లాగి కుదిపించాడు. తీసేటప్పటికి ముక్కలు ఇంకా మెత్తగానే ఉన్నాయి.

"పచ్చిగున్నయి," అంది ఆమె.

"సల్లారనియ్యి. తొందరేంది?"

చల్లారాయి. ఆయన ఒకటి తీసి చెవి దగ్గర విరిచాడు. ఇంకోటి విరిచాడు. తరువాత, "జర పలికింది," అన్నాడు.

ఆరు నెలల్లో ఆయన మొహం మీద ఆమె చూసిన మొదటి వెలుగు అది.

ఆ మరునాటి నుంచి ఇద్దరికీ అదే పని. ఆలుగడ్డ, అరటికాయ కుదిరాయి. బెండకాయ నిలువుగా చీరితే కుదిరింది. చిక్కల్లా ఉప్పు దగ్గర వచ్చింది. కడాయిలోంచి తీసిన చిప్సుకు నూనె ఉంటుంది కాబట్టి పైన చల్లిన ఉప్పు పట్టుకుంటుంది. ఇవి పొడిగా ఉంటాయి. చల్లిన ఉప్పు పళ్లెం అడుగుకు జారిపోయి, నోట్లో పెట్టుకుంటే చప్పగా ఉండేది. ఇస్మాయిల్ రెండు రోజులు ఆలోచించాడు.

"ఉప్పునీళ్లల్ల నానవెట్టు. లోపటికి గుంజుకుంటది," అన్నాడు.

హుసేన్‌బీ ఉప్పు డబ్బా అందుకుంది. డాక్టరు మాట మనసులో మెదిలింది. "ఉప్పు గూడ తగ్గియ్యమన్నరు కద?" అంది.

"తగ్గియ్యమన్నరు, బంద్ చెయ్యమనలే. నూనె ఇడిసిపెట్టిన. కూరల తక్కువనే తింటున్న. గీ నాలుగు ముక్కలకు ఏమైతది?"

నిజమే కదా అనిపించింది ఆమెకు. అంతకంటే, ఆయన తింటున్నాడు. లేచి కూచుంటున్నాడు. మాట్లాడుతున్నాడు. నీళ్లలో ఉప్పు వేసి కలిపింది. ఆయన వేలు ముంచి నాలుకకు రాసుకుని, "ఇంకో గుప్పెడు," అన్నాడు. వేసింది. కాకరకాయ చక్రాలకైతే చేదు పోవడానికి ముందే ఉప్పు పట్టించి పిండేది, మళ్లీ ఆ నీళ్లలోనూ వేసేది. ఆ కాకర చిప్సు చూసి ఇస్మాయిల్ బండి రోజుల్లో కూడా ఇంత బాగా కుదరలేదన్నాడు. పొద్దున ఒక పళ్లెం, సాయంత్రం ఒక పళ్లెం.

పక్కింటి రేణుకమ్మ వచ్చి నాలుగు తిని ఆశ్చర్యపోయింది. "నూనె లేకుండ గిట్లెట్ల చేసినవక్కా? అన్నను బతికిచ్చుకుంటున్నవు పో," అంది. ఆమె భర్త బాలయ్య గోడ అవతలి నుంచే, "మాకూ కొన్ని పంపియ్యి హుసేనక్కా!" అని కేకేశాడు. హుసేన్‌బీకి సంతోషమయింది. దాచుకోలేదు.

నెల దాటాక ఇస్మాయిల్ చెప్పులు పట్టడం లేదన్నాడు. కూచుని కూచుని నీరు దిగిందేమో అనుకున్నారు. ఆమె వేడినీళ్లతో కాళ్లు కాపింది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండేది. పడుకుంటే ఆయాసమని రెండు దిండ్లు పెట్టుకున్నాడు, తరువాత మూడు. "వచ్చే వారం చూపిచ్చుకునేది ఉన్నది కద, అప్పుడు చెప్దాం," అన్నాడు. ఆ వారం దాకా ఆగలేదు. ఒక శుక్రవారం పొద్దున, నమాజు ముందు కాళ్లూచేతులూ కడుక్కుని వజూ చేయడానికి కూచున్నవాడు లేవలేకపోయాడు. నీళ్లలో మునుగుతున్నవాడిలా నోరు తెరిచి గాలి అందుకుంటున్నాడు. పెదవులు నీలం తిరిగాయి.

అదే దారి. అయిజ, గద్వాల, కర్నూలు. కౌసర్ గద్వాలలో అంబులెన్సు ఎక్కింది. కర్నూలులో ముక్కుకూ నోటికీ కలిపి తొడుగు పెట్టారు. మందులు తెమ్మని చీటీ ఇస్తే కౌసర్ పరుగెత్తింది. ఆ కాసేపట్లోనే ఒక చిన్న వయసు డాక్టరమ్మ వచ్చి ఇస్మాయిల్ కాళ్లు నొక్కి చూసి, హుసేన్‌బీ వైపు తిరిగింది.

"ఊపిరితిత్తుల్లో నీరు నిండిపోయింది. ఇంట్లో ఏం పెడుతున్నారమ్మా?"

హుసేన్‌బీకి ఈ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంది. గర్వంగానే చెప్పింది. "నూనె చుక్క తగలనియ్యలే అమ్మా. గాలి మిషిన్ల చేసి పెడుతున్న. చిప్సు గూడ గాలిలనే."

"చిప్సా? ఉప్పు వేసి?"

హుసేన్‌బీ తలూపింది.

"ఎంత వేస్తున్నారు?"

"ఉప్పునీళ్లల్ల... నానవెట్టి," అంది. "రోజుకు రెండు పళ్లాలు."

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. నర్సుకు ఏదో చెప్పి, మళ్లీ ఆమెతో అంది: "ఆయన గుండె ముందే బలహీనంగా ఉందమ్మా. ఉప్పు ఒక్కదాని వల్లే ఇదంతా అని నేను చెప్పలేను. కానీ ఇలాంటి గుండెకు ఉప్పు విషం లాంటిదే. నీరు పట్టేసుకుంటుంది."

తొడుగు వెనక ఇస్మాయిల్ కళ్లు తెరిచి ఉన్నాయి. అంతా విన్నాడు. చేయి ఎత్తి తొడుగు పక్కకు లాగాడు. "నువ్వు కాదు," అన్నాడు ఆమెతో. ఊపిరి అందుకుని, "నేను ఎయ్యమన్న," అన్నాడు. నర్సు వచ్చి మళ్లీ తొడుగు సరిచేసింది. ఆ తరువాత ఆయన ఆమెతో మాట్లాడగలిగింది లేదు. ఆరో రోజు మధ్యాహ్నం పోయాడు.

అయిజకు తెచ్చారు. స్నానం చేయించి, తెల్లటి కఫను గుడ్డ చుట్టి, సాయంత్రపు అసర్ నమాజు తరువాత మోసుకుపోయారు. బస్టాండు దగ్గర బండ్లవాళ్లు పొయ్యిలార్పి జనాజా వెంట నడిచారని ఎవరో చెప్పారు.

భర్త పోయిన ఆడవాళ్లు పాటించే ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు హుసేన్‌బీ గడప దాటలేదు. పరామర్శకు వచ్చినవాళ్లందరిదీ ఒకే మాట. "నూనె చుక్క తగలనియ్యలే. నీ అంత సేవ ఎవరు చేస్తరు? నీ తప్పేమున్నది, అల్లా రాసింది గంతే." ప్రతి మాటా ఆమె తలవంచుకుని విన్నది. ఒక్కరు తిట్టినా ఆ బరువు కొంత దిగేదేమో. తిట్టాలంటే వాళ్లకు తెలియాలి కదా. తెలిసింది ముగ్గురికే. అందులో ఒకరు మట్టిలో ఉన్నారు, ఒకరు పేరు కూడా తెలియని డాక్టరమ్మ, మూడో మనిషి తను.

కౌసర్‌కు చెప్పలేకపోయింది. ఆ పిల్ల వచ్చినప్పుడల్లా మిషిని వైపు చూసి, "ఇంకో సంవత్సరం ముందే కొనిస్తే అబ్బా ఉంటుండె, అమ్మీ," అనేది. అన్న ప్రతిసారీ హుసేన్‌బీ ఏదో పని ఉన్నట్టు లేచి పోయేది. అన్నంలో ఉప్పు వేసుకోవడం ఆమె మానేసింది. దానితో ఏమీ తీరదని తెలుసు. అయినా చేయి పోయేది కాదు.

ఇద్దత్ ముగిసిన నెలకు, ఒక ఆదివారం పొద్దున, రేణుకమ్మ ఏడ్చిన మొహంతో వచ్చింది. కౌసర్ ఇంట్లోనే ఉంది. బాలయ్యకు గుండెపోటు వచ్చి వారం దవాఖానలో ఉండి నిన్ననే ఇంటికొచ్చాడు. రేణుకమ్మ కొంగులోంచి నాలుగు కాకరకాయలు తీసి హుసేన్‌బీ ముందు పెట్టింది.

"అక్కా, ఏం పెట్టినా తింట లేడు. నువ్వు అన్నకు చేసినవు కద గాలి మిషిన్ల, అచ్చం గట్లనే చేసియ్యరాదూ. నూనె ఉండది కద, మంచిది."

హుసేన్‌బీ కాకరకాయలు చేతిలోకి తీసుకుంది. చేయనంటే సరిపోయేది. పని ఉంది, ఒంట్లో బాగాలేదు అనొచ్చు. కానీ ఈమె ఇంకెక్కడో ఆ మిషిని కొంటుంది. గోడ ఇవతల చూసినట్టే చేసి పెడుతుంది.

"గట్ల చెయ్యొద్దు," అంది.

"ఏందక్కా?"

"అన్నకు చేసినట్టు చెయ్యొద్దు. ఆయనను నూనె చంపలే, రేణుకా. ఉప్పు చంపింది. ఉప్పునీళ్లల్ల నానవెట్టి, రెండు పూటలు, నా చేత్తోని పెట్టిన. డాక్టరు ముందుగాల్నే చెప్పిండు తగ్గియ్యమని. నేను విన్న. విని గూడ ఏసిన. తింటుండు కద అని ఏసిన."

రేణుకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపలి గది గుమ్మంలో కౌసర్ నిలబడి ఉంది. చేతిలో దువ్వెన అలాగే ఉంది.

"అబ్బా ఎయ్యమన్నడు," అంది హుసేన్‌బీ బిడ్డతో. వెంటనే తల అడ్డంగా ఊపింది. "ఆయన ఎయ్యమన్నడు. ఏసింది నేను."

కౌసర్ లోపలికి పోయింది. మధ్యాహ్నం అన్నం తినకుండా సంచి సర్దుకుంది. బస్సుకు పోతూ గడప దగ్గర ఒక్క మాట అడిగింది. "ఉప్పు సంగతి నాకెందుకు చెప్పలే? కాళ్లు వాచినప్పుడైనా?"

"నాకు తెల్వలేదు, బిడ్డా."

"డాక్టరు చెప్పిండంటివి కద, అమ్మీ."

కౌసర్ వెళ్లిపోయింది. రెండు నెలలు రాలేదు. ఫోను చేస్తే ఎత్తేది. తిన్నవా, మందులున్నయా, సరే, అనేది. అంతే.

కౌసర్ పోయిన సాయంత్రమే హుసేన్‌బీ ఆ నాలుగు కాకరకాయలు తరిగింది. చేదు పోవడానికి ఉప్పు బదులు చింతపండు నీళ్లలో వేసి పిండింది. ఆరబెట్టి, చెంచా నూనె నిమిరి, మిషినిలో పెట్టింది. పైన మిరియాల పొడి, నిమ్మకాయ నాలుగు చుక్కలు. గోడ మీద నుంచి పళ్లెం అందించింది. దవాఖాన కాగితం కూడా ఎవరితోనైనా చదివించుకొమ్మని, ఉప్పు గురించి ఏం రాసిందో అడగమని రేణుకమ్మకు మూడుసార్లు చెప్పింది. అందులో ఉప్పు తగ్గించాలనే ఉందట.

మూడో రోజు రేణుకమ్మ ఖాళీ పళ్లెంతో వచ్చి తటపటాయించింది. "చేదుగున్నయని పరేషాన్ చేస్తుండక్కా. జర ఉప్పు ఏసుకుంట అంటుండు. ఒక్క చిటికెడు."

"ఎయ్య," అంది హుసేన్‌బీ.

గోడ అవతలి నుంచి బాలయ్య గొంతు వినిపించింది. "ఇట్లయితే నాకు వద్దే వద్దు!"

"వద్దంటే ఊకో బాలయ్యా," అంది ఆమె గోడ వైపు తిరిగి. "చేదుగనే తిను, లేకుంటే పస్తుండు. ఉప్పు మాత్రం ఎయ్య."

చేతికి పళ్లెం తీసుకుని కడగడానికి పోయింది. బాలయ్య కాసేపు గొణిగాడు. మరునాడు మళ్లీ కాకరకాయలు పంపించాడు.